రెండు కళ్లతో చూడాల్సిన వదిన

జోడమ్మ అనే పేరు తనకు ఎవరు పెట్టారో ఆమెకే గుర్తులేదు. కళ్లజోళ్ల దుకాణంలో పంతొమ్మిదేళ్లుగా అద్దాలు అరగదీస్తున్న మనిషిని వీధివాళ్లు మరేమని పిలుస్తారు? దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కన, నీళ్లు చిమ్ముతూ తిరిగే సానరాయి ముందు ఆమె స్టూలు. ఎవరైనా లోపలికి వస్తే ముందు వాళ్ల మొహం చూడదు. రెండు కళ్ల మధ్య ఎడం చూస్తుంది. "అరవై రెండు," అనుకుంటుంది మనసులో. తర్వాత స్కేలు పెడితే సరిగ్గా అరవై రెండు మిల్లీమీటర్లే తేలుతుంది. మనిషి పేరు మర్చిపోతుంది గానీ ఆ కొలత మర్చిపోదు. మర్యాద తెలియని మనిషని యజమాని మొదట్లో విసుక్కునేవాడు. ఆ కొలత ఒక్కసారీ తప్పలేదని తెలిశాక విసుక్కోవడం మానేశాడు.

నలభై నాలుగో ఏట ఈమెకు ఒక పిచ్చి పట్టుకుంది. పాత సామాన్లతో పాటు దుకాణంలోకి ఒక చూపుడు పెట్టె వచ్చింది. రెండు కళ్లకూ రెండు అద్దాలు, లోపల పక్కపక్కనే ఒకేలాంటి రెండు ఫొటోలు. రెండూ ఒకటే కదా, దండగ కాకపోతే, అనుకుంటూ కళ్లు ఆనించింది. లోపల ఒక మామూలు చెక్క కుర్చీ ఉంది. కానీ దాని ముందు కాళ్లు ముందున్నాయి, వెనక కాళ్లు వెనకున్నాయి, వాటి మధ్య గాలి ఉంది. ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి కాస్త పక్కనుంచి తీసిన ఇంకో బొమ్మ చూపిస్తే బుర్ర ఆ రెంటినీ కలిపి లోతు పుట్టిస్తుందట. అన్నేళ్లుగా జనం కళ్లతోనే కూడు తింటున్న తనకు ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదేమని ఆమెకు ఒళ్లు మండింది. జోడమ్మకు ఏదైనా బాగా నచ్చితే ముందు కోపమే వస్తుంది.

ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్. ఒకే రకం పాత వీడియో కెమెరాలు రెండు తెచ్చి ఆమె భోజనాల బల్ల మీద పెట్టినప్పుడు ఆయన వాటిని మార్చి మార్చి చూశాడు.

"ఒకటి పాడైతే ఇంకోటి వాడటానికా?"

"కాదు. రెండూ ఒకేసారి వాడటానికి."

"ఒక్కటి తెస్తేనే దండగ అనేవాణ్ని. నువ్వు జంట దండగ తెచ్చావు."

అన్నాడే గానీ మర్నాడు డిపో నుంచి వస్తూ అల్యూమినియం పలక ఒకటి కోసుకొచ్చి, చిల్లులు పెట్టి, రెండు కెమెరాలనూ దాని మీద పక్కపక్కన బిగించి ఇచ్చాడు. రెండు లెన్సుల మధ్య ఎడం మనిషి కళ్ల మధ్య ఎడమంతే ఉండాలి. ఎక్కువైతే మనుషులు బొమ్మల్లా చిన్నవాళ్లైపోతారు, తక్కువైతే చదునైపోతారు. ఒక కెమెరా గోరంత ఎత్తులో ఉన్నా చూసేవాళ్లకు తలనొప్పి. ఇవన్నీ భార్య చెబుతుంటే ఆయన గొణుగుతూనే ఏడుసార్లు పలకను అరగదీశాడు. ఆయన నోటిదొక దారి, చేతులదొక దారి. ఆ సంసారం ఇన్నేళ్లు సాగింది చేతుల పుణ్యానే.

కెమెరాలైతే వచ్చాయి, వాటి ముందు కదిలే మనిషి కావాలి. భర్తను నిలబెడితే కరెంటు స్తంభంలా నిలబడ్డాడు. ఆ పూటే వదిన వచ్చింది.

వదిన అంటే ఆయనకు అక్క. అరవై మూడేళ్లు. వీధి మొగలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం ఆమెది. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుగు రాదు, అంత మనిషి. వయసులో ఉండగా ఒక నాట్య బృందంలో ఇరవై ఆరేళ్లు ఆడింది. ఇరవై ఆరేళ్లూ వెనక వరుసలోనే ఆడింది. అడుగు తప్పి కాదు, ముందు నిలబెడితే వెనకవాళ్లు కనపడరని. ఆ బృందం ఫొటోలు ఆమె దగ్గర పదో పన్నెండో ఉన్నాయి. అన్నింటిలోనూ ఎవరి భుజం వెనకో వదిన నుదురూ, గాల్లోకి లేచిన ఒక చెయ్యీ. "ఆ చెయ్యి నాదే," అని వేలు పెట్టి చూపిస్తుంది. చూసినవాళ్లు తలూపి ముందు వరుస పిల్లలు ఎంత చక్కగా ఉన్నారో చెబుతారు.

"ఏం చెయ్యమంటావే?" అంది వదిన, చేతి సంచీ కింద పెట్టి.

"ఏదో ఒకటి చెయ్యి వదినా. కదులు చాలు."

వదిన కుర్చీలు గోడకు నెట్టించింది. ఒక్క అడుగు నేల మీద ధనామని వేసి మొదలుపెట్టింది. కుడి మోకాలు వంగదు, ఎనిమిదేళ్లయింది. ఆ కాలిని అలాగే ఉంచుకుని, దానికి తగ్గట్టు మిగతా ఒళ్లు తిప్పుకుంటూ నాలుగు నిమిషాలు ఆడింది. తమ్ముడు నోరెళ్లబెట్టాడు. యాభై ఏళ్లుగా అక్కను చూస్తున్నాడు గానీ ఆమె ఆట ఆయనెప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు.

మర్నాడు జోడమ్మ ఆ రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టి అద్దాల్లోంచి చూసింది. ఫోన్లో తీస్తే వదిన ఒక పెద్ద నల్లటి ఆకారం, అంతే. ఇక్కడ పొట్ట ముందుంది, వీపు వెనకుంది, చాచిన చెయ్యి చూసేవాళ్ల ముందుకు వచ్చేసింది. ఒంట్లో ఉన్న బరువు అడుగు వేసినప్పుడల్లా తుంటి నుంచి భుజానికి, భుజం నుంచి వేళ్లకు ఎలా పోతోందో కనబడింది. ఆ బరువే లేకపోతే ఆ ఆటే లేదు. జోడమ్మకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపును కోపం కింద మార్చేసుకుని వదిన దుకాణానికి పరుగెత్తింది.

"ఇన్నాళ్లూ నిన్ను చూసినవాళ్లందరూ ఒక కన్ను మూసుకుని చూశారు వదినా!" అని ఇస్త్రీ బల్ల ముందు నిలబడి అరిచింది.

"నువ్వు ముందు ఆ దుప్పటి మీంచి చెయ్యి తియ్యి, కాలుతుంది," అంది వదిన.

అలా మొదలైంది. పన్నెండు నిమిషాల ఆట. నల్ల పరదా ముందు వదిన ఒక్కతే. ఆమె చెయ్యి గాల్లో గీసిన దారి ఒక వెలుగు దారంలా అక్కడే నిలిచిపోతుంది. తాను విసిరిన దారాల మధ్యలోంచే ఆమె మళ్లీ దూరి వస్తుంది, కొన్నిటిని భుజంతో తోస్తుంది, కొన్నిటిని చుట్టుకుంటుంది. ఆ దారాలన్నీ కంప్యూటర్‌లో గీయాల్సినవి. అందుకోసం జోడమ్మ సాయంత్రాలు గ్రాఫిక్స్ తరగతికి పోయి, కూతుళ్ల ఈడు పిల్లల మధ్య మొదటి బల్ల మీద కూర్చుని నేర్చుకుంది. పన్నెండు నిమిషాలకు పద్దెనిమిది వేల బొమ్మలు, రెండు కళ్లకు కలిపి ముప్పై ఆరు వేలు. దారం మోచేతి వెనక్కి పోయేచోట ఎడమ కంటికి ఒకచోట తెంపాలి, కుడి కంటికి ఇంకోచోట తెంపాలి. ఒక్క బొమ్మలో తప్పినా దారం మనిషిని కోసుకుంటూ పోయినట్టు కనబడుతుంది. పధ్నాలుగు నెలలు పట్టింది. దుకాణంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. అద్దాలు అరగదీసే మనిషికి ఇదేం రోగమని అన్నవాళ్లకు జోడమ్మ జవాబు చెప్పలేదు. వాళ్ల కళ్లజోళ్లు మాత్రం ఓ రోజు ఆలస్యంగా ఇచ్చింది.

ఊరు మొత్తానికి ఇలాంటి బొమ్మ చూపించగల తెర ఒక్కటే ఉంది. సైన్సు భవనంలో బడిపిల్లలకు గ్రహాలూ రాక్షసబల్లులూ చూపించే త్రీడీ హాలు. దానికి మరమ్మతులు చేసి ఆదివారం మళ్లీ తెరుస్తున్నారు. తెరిచే రోజున కొత్తదేదైనా వేద్దామనుకుంటున్న మేనేజరు దారాల ముక్క ఒకటి చూసి ముచ్చటపడ్డాడు. నచ్చితే ఆరు నెలల పాటు రోజూ ఒక ఆట వేస్తామన్నాడు. ఆరు నెలలు, రోజూ, వదిన ఒక్కతే, ముందు! ఆ మాట విన్న రోజు వదిన ఇస్త్రీకి వచ్చిన ప్రతి మనిషికీ బట్టలతో పాటు ఆ కబురు కూడా మడతపెట్టి ఇచ్చింది.

కాగితాలు రాసుకునే రోజున మేనేజరు గొంతు తగ్గించి జోడమ్మతో ఒక మాటన్నాడు.

"గ్రాఫిక్స్ అదిరిందమ్మా. మనిషే కాస్త... భారీగా ఉన్నారు. కొంచెం సన్నం చేద్దామా?"

"వద్దండి," అంది జోడమ్మ.

"మా దగ్గర కుర్రాళ్లున్నారు, రెండ్రోజుల పని."

"రెండు నిమిషాల పనైనా వద్దండి. ఆవిడ అంతే ఉంటుంది."

మేనేజరు నవ్వి సరే సరే అన్నాడు. జోడమ్మ ఆ సరేను నమ్మింది. నమ్మి, హాలు యంత్రానికి సరిపోతుందో లేదో చూసుకోమని ఎడమ కంటి వీడియో, కుడి కంటి వీడియో, దారాలు, మూడూ విడివిడిగా ఒక డిస్కులో పెట్టి ఇచ్చేసింది. కొలతల్లో తప్పని మనిషి మనుషుల్లో తప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం చూసుకోవడానికి రమ్మన్నారు. వదిన దుకాణం మూసి, ఉన్నవాటిలో మంచి చెప్పులు వేసుకుని వచ్చింది. మేనేజరు వాళ్లను నేరుగా హాల్లోకి కాకుండా గ్రాఫిక్స్ గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడున్న గ్రాఫిక్స్ ఆయన, ముప్పై దాటిన మనిషి, కుర్చీ తిప్పి తన కంప్యూటర్ చూపించాడు.

తెర మీద వదిన ఉంది. నడుమున్న వదిన. మెడున్న వదిన. చేతులు సన్నగా, చెంపలు లోపలికి.

జోడమ్మకు రక్తం తలకెక్కింది. నోరు తెరవబోయి పక్కకు చూసింది. వదిన రెండడుగులు ముందుకు వేసి, మెల్లగా తన చెంప తడుముకుంటోంది.

"నేనేనా?" అంది.

"మీరే అమ్మా. కాస్త టచప్," అన్నాడు మేనేజరు.

"బాగానే ఉన్నాను కదే," అంది వదిన జోడమ్మ వైపు చూడకుండా.

ఆ మాట జోడమ్మకు ముల్లులా దిగింది. పధ్నాలుగు నెలలు తాను ఎవరి కోసం పోట్లాడిందో ఆ మనిషే అవతలి పక్కకు వెళ్లి నిలబడింది. కోపం కంటే ముందు భయం వేసింది. వదినకు ఇదే కావాలేమో, ఇన్నేళ్లూ కావాల్సింది ఇదేనేమో. కావాలంటే వద్దనడానికి తానెవరు? ఆ ఒళ్లు ఆవిడది. రెండు కెమెరాలు కొన్నంత మాత్రాన అది తనదైపోదు.

గ్రాఫిక్స్ ఆయన వైపు తిరిగి అడిగింది. "ఇది మీరు హాల్లో వేసి చూశారా?"

గ్రాఫిక్స్ ఆయన ఇబ్బందిగా కదిలాడు. "ఇక్కడే చూశానండి. ఎడమది చూసి ఓకే అనుకున్నాక కుడిది కూడా అలాగే చేశాను."

"జోడు పెట్టుకుని, రెండూ కలిపి చూశారా లేదా?"

"టైము లేదు కదండీ."

"అయితే పదండి, చూద్దాం. వదినా, నువ్వు చూసి చెప్పు. నువ్వేమంటే అదే."

హాల్లో నలుగురే. దీపాలు ఆర్పారు, అందరూ జోళ్లు పెట్టుకున్నారు. ఆట మొదలైంది.

మొదట దారాలు వచ్చాయి. తెరకు ఇవతల, చెయ్యి చాస్తే అందేలా, మెరుస్తూ వేలాడాయి. ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, ఎందుకంటే వాటిని ఎవరూ ముట్టుకోలేదు. వదిన మాత్రం లేదు. ఎక్కడో వెనక, నల్లటి లోతులో, అట్ట మీద అంటించిన బొమ్మొకటి ఊగుతోంది. ఎడమ కంటి నడుమును ఒకలా, కుడి కంటి నడుమును ఇంకోలా కంటి అంచనాతో కోసేసరికి రెండూ కలవలేదు. పొట్ట వీపులోకి దిగిపోయింది. భుజం అంచులు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. చాచిన చెయ్యి ముందుకు రావలసినచోట వెనక్కి పోయింది. చేతికీ దారానికీ మధ్య గజం ఎడం.

వదిన జోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఆ దారం ఎవరు విసిరారే?"

"నువ్వే వదినా."

"నేనెక్కడో ఆ మూలనున్నాను. దారం ఇక్కడుంది. మరి ఎవరు విసిరినట్టు?"

 బొమ్మ ఇంకో నిమిషం ఊగింది. వదిన లేచి నిలబడింది. ఆమె తల అడ్డమొచ్చి తెర మీద సగం నల్లబడింది.

"ఆపండయ్యా!"

దీపాలు వెలిగాయి. వదిన మొహం కందిపోయి ఉంది.

"ఇరవై ఆరేళ్లు వెనక నిలబడ్డాను. జీతమిచ్చి నిలబడమన్నారు, నిలబడ్డాను. నా ఆట నేనాడుకుంటే, అందులో నేనొక్కదాన్నే ఉంటే, అందులో కూడా నన్ను వెనక్కి నెట్టారు మీరు! అదెలా చేశారయ్యా? దానికి మాత్రం మెచ్చుకోవాలి."

"అమ్మా, అది టెక్నికల్ సమస్య. సరిచేస్తాం," అన్నాడు మేనేజరు. "అంత సన్నం వద్దులెండి. ఓ పది శాతం తగ్గిస్తే చాలు."

"ఏ పది?" అంది జోడమ్మ. అప్పటిదాకా బిగపట్టుకున్న గొంతు హాలంతా మోగింది. "చెప్పండి, ఏ పది తీసేస్తారు? మోకాలా? భుజమా? ఆ పొట్ట తీస్తే అడుగులో బరువు పోతుంది. బరువు పోతే దారం విసరడానికి చేతిలో ఏముంటుంది? మీరు తగ్గించేది లావు అనుకుంటున్నారు. ఆవిడ ఆటనే తగ్గిస్తున్నారు."

"ఎల్లుండి పెద్దవాళ్లు వస్తున్నారమ్మా. పిల్లలు వస్తారు. చూడ్డానికి కాస్త ఇంపుగా ఉండాలి కదా."

"రాక్షసబల్లిని ఎంత సన్నం చేశారు సార్ ఇంపుగా ఉండాలని?"

గ్రాఫిక్స్ ఆయన ముసిముసిగా నవ్వి, మేనేజరు చూసేసరికి దగ్గాడు. మేనేజరు మొహం గంటు పెట్టుకున్నాడు.

"చూడండమ్మా. నేను చెప్పినట్టు ఉంటే వేస్తాం. లేదంటే పాత గ్రహాల బొమ్మ వేసుకుంటాం. ఇంకో హాలు ఎక్కడుందో మీరే వెతుక్కోండి."

జోడమ్మ వదిన వైపు చూసింది. ఆరు నెలలు, రోజూ.  వదిన తన జోడును మడిచి మేనేజరు చేతిలో పెట్టింది.

"గ్రహాలే వేసుకోండి. అవీ గుండ్రంగానే ఉంటాయి, పాపం," అంది.

జోడమ్మ డిస్కు అడిగి తీసుకుంది. వాళ్ల దగ్గరున్న నకళ్లు కూడా తన కళ్లముందే చెరిపించింది.  ఏం పోగొట్టుకున్నారో ఇద్దరికీ తెలుసు. బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జోడమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంటిదాకా ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు.

భర్త అంతా విన్నాడు. విని, అక్క సంచీలోంచి ఇస్త్రీ దుకాణం తాళాలు తీసుకున్నాడు.

"అక్కా, నీ దుకాణంలో మెషీన్ల వెనక గోడ ఎంతుంటుంది?"

"ఎందుకురా?"

"ఈవిడ ఎప్పుడో చెప్పింది, మామూలు గోడ మీద వేస్తే రెండు కళ్ల బొమ్మలూ కలిసిపోతాయట, వెండి రంగు మీదైతే విడిగానే ఉంటాయట. డిపోలో గేట్లకు వేసే వెండి రంగు ఉంది. నేను విననట్టే ఉంటాను గానీ అన్నీ వింటాను."

శనివారమంతా రంగు వేశారు. బట్టలుతికే మెషీన్లను ఒక పక్కకు నెట్టారు. తెలిసినవాళ్ల దగ్గర రెండు ప్రొజెక్టర్లు అడిగి తెచ్చి, ఒక్కో దాని ముందు వెలుగును వడగట్టే పొర ఒక్కో కోణంలో అంటించారు. అవే పొరలు అవే కోణాల్లో కత్తిరించి కళ్లజోళ్లలో పెట్టాలి. కళ్లజోళ్ల దుకాణం యజమాని అమ్ముడుపోని ఫ్రేములు ఒక అట్టపెట్టెడు ఇచ్చాడు. పిల్లి కళ్ల ఫ్రేములు, బండ ఫ్రేములు, ఎర్రవి, పులిచారలవి. జోడమ్మ ముప్పై జతలు కత్తిరించింది. ఈసారి ఎవరి కొలత వాళ్లకే, ఎందుకంటే వచ్చేవాళ్లందరి కొలతలూ ఆమెకు నోటికొచ్చు.

ఆదివారం మధ్యాహ్నం, ఊరి పెద్దలు సైన్సు భవనంలో గ్రహాలు చూస్తున్న వేళకు, దుకాణం షట్టరు దించారు. బట్టలిచ్చేవాళ్లు, డిపోవాళ్లు, వీధివాళ్లు, ఇరవై ఎనిమిది మంది. మడత కుర్చీలు గోడ దాకా కిక్కిరిశాయి. సబ్బు వాసన. పులిచారల జోళ్లలో ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు వినగానే జోడమ్మకు భయం పట్టుకుంది. వీళ్లు వదినను చూసి కూడా నవ్వితే? రోజూ బట్టల మూటతో చూసే మనిషే కదా అనుకుంటే? మేనేజరు నవ్వు తట్టుకోగలిగింది గానీ ఈ నవ్వు తట్టుకోలేదు.  వదిన ప్రొజెక్టర్ల పక్కన ఆమెను ఆనుకుని నిలబడింది, జోడు పెట్టుకోలేదు.

"నువ్వు చూడవా?"

"నేనాడినదేగా. వాళ్లను చూస్తాను."

ధనామని మొదటి అడుగు పడింది. నవ్వులు ఆగాయి. వెండి గోడ లోపలెక్కడో నిలబడ్డ మనిషి చెయ్యి విసిరింది, దారం వచ్చి జనం తలల మీద నిలిచింది. ఇంకోటి. ఇంకోటి. వదిన తన దారాలను భుజంతో తోసుకుంటూ, వంగని కాలిని ఈడ్చకుండా, నేలకు తాటించి ఎత్తి వేస్తూ, ముందుకు నడిచింది. గోడ దాటింది. పొట్టా, చేతులూ, మెడ కింద చెమటా, మొత్తం మనిషి, ముందు కుర్చీల మీదికి వచ్చింది.

జోడమ్మ తెర చూడలేదు. ముందు వరుసనే చూసింది. డిపో మనుషులు ముగ్గురు చాచుకున్న కాళ్లు దగ్గరకు తీసుకున్నారు. వాళ్లను ఎవరూ తీసుకోమనలేదు. పక్కనున్నావిడ ఒళ్లో సంచీని గుండెలకు హత్తుకుని వెనక్కి వాలింది. ఎవరిదో కుర్చీ కిర్రుమంటూ జరిగింది. అంత పెద్ద మనిషి వస్తుంటే దారి ఇవ్వరా మరి. జోడమ్మకు ఏడుపొచ్చింది, ఈసారి దాన్ని కోపం కింద మార్చడం చేతకాలేదు.

వదిన మోచేత్తో ఆమెను పొడిచింది.

"ఆ చివరాయన్ని ఇంకాస్త జరగమనవే," అంది చెవిలో. "అసలు తిరుగుడు ఇప్పుడొస్తోంది."